నీలం దారం ముడి

స్టోరు గది తాళంచెవి పోయిన రోజు గుమాస్తా ముందుగా తన జేబులు వెతుక్కోలేదు. నిన్న అటువైపు ఎవరెవరు వచ్చారో గుర్తుచేసుకున్నాడు. ఊడ్చే ఆవిడ, పోస్ట్‌మ్యాన్, పేము కుర్చీలు అల్లే ముసలాయన.

ముసలాయనే అయ్యుంటాడు అనుకున్నాడు.

గ్రంథాలయం స్టోరు ముందు వరండాలో ముప్పై ఏళ్లుగా గుమాస్తాదే బల్ల, గుమాస్తాదే కుర్చీ. చేరిన కొత్తలో ఎంచకుండా సంతకం పెట్టి డజను ఫ్యాన్లు దించుకున్నాడు. తర్వాత చూస్తే తొమ్మిదే తేలాయి. అప్పటినుంచి ఎవరి మాటా నమ్మడు. వంకాయ కూడా గిచ్చి చూసి గాని కొనడు. “నన్నూ టెస్టు పెట్టే తెచ్చుకున్నారా?” అంటుంది భార్య. అతను నవ్వడు.

చదువుకునే హాల్లో నలభై కుర్చీలకు సీట్లు తెగిపోయాయి. అల్లడానికి మనుషులు కావాలని గోడకు కాగితం అంటించాడు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట. ముందు ఒక కుర్చీ అల్లి చూపించు, దానికి కూలి ఉండదు, చెయ్యి నచ్చితే పని నీదే. నలుగురు తలా ఒక రోజు కూర్చుని అల్లి వెళ్లారు. నలుగురికీ “కబురు చేస్తాం” అన్నాడు. ఇంతకన్నా మంచి చెయ్యి దొరకొచ్చు కదా. అందులో తప్పుందని అతనికి తోచలేదు. అది జాగ్రత్త అనుకున్నాడు.

నిన్న ముసలాయన మాత్రం వరండాలోంచే హాల్లోకి తొంగి, తెగిన కుర్చీలను వదిలేసి అల్లిన నాలుగింటికేసి చూశాడు.

“నాలుగూ నాలుగు చేతులు. ఒక్కరికీ పనివ్వలేదా బాబూ?”

“అది నీకెందుకు? అల్లుతావా, లేదా?”

“ఊరికే అల్లను. నా చెయ్యి చూడాలంటే నేను చేసింది చూడండి. చేయించుకున్నవాళ్లని అడగండి. అప్పటికీ అనుమానం తీరకపోతే కూలిచ్చి ఒక్కటి అల్లించండి. నచ్చకపోతే అక్కడితో సరి.”

“నువ్వు చేసింది నేనెక్కడ చూడను?”

ముసలాయన కాయలు కాసిన వేలితో చూపించాడు. “మీరు కూర్చున్నదే. పంతొమ్మిదేళ్లయింది. తిరగేసి చూడండి, వెనక ఎడమ మూల ముడికి నీలం దారం ఉంటుంది.”

“భలేవాడివే! నేను లేస్తే ఏం పట్టుకుపోదామని?”

ముసలాయన ఫోను నంబరు రాసిన చీటీ బల్లమీద పెట్టాడు. భుజాన ఉన్న పేము చుట్టను గోడవారన దించాడు.

“దీన్ని మళ్లీ మోసుకెళ్లే ఓపిక లేదు. కాసిని నీళ్లలో పడెయ్యండి, ఎండితే విరుగుతుంది. రేపొస్తా.”

గుమాస్తా దాన్ని ముట్టుకోలేదు. సరుకు వదిలి వెళ్లడంలో ఏదో ఎత్తు ఉండే ఉంటుంది.

ఇప్పుడు పదకొండయింది. ముసలాయన రాలేదు. ఎందుకొస్తాడు, తాళంచెవి చేతికి చిక్కాక?

సొరుగులు లాగాడు. బల్ల జరిపాడు. చివరికి కుర్చీని తలకిందులు చేసి దులిపాడు. సీటుకూ వెనక కర్రకూ మధ్య సందులోంచి తాళంచెవి ఖంగుమని నేలమీద పడింది.

తీయబోయి ఆగాడు. ఎడమ మూల, దుమ్ము కింద, నీలం దారం. రంగు వెలిసింది గాని ముడి వదులు కాలేదు. హాల్లోకి వెళ్లి ఆ నాలుగు కుర్చీలనూ అరచేత్తో నొక్కి చూశాడు. వారమైనా కాలేదు, రెండు అప్పుడే కుంగాయి.

చీటీ తీసి ఫోను చేశాడు. ఆడగొంతు పలికింది.

“గ్రంథాలయం నుంచమ్మా. పెద్దాయనతో మాట్లాడాలి.”

“నాన్న లేడండీ. నిన్న ఇంటికొచ్చి, ఆయాసంగా ఉందని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. కుర్చీల పనికేనా? మీరు పిలుస్తారనే అన్నాడు. మీరు మీ కుర్చీ తిరగేస్తే చాలన్నాడు.”

“తిరగేశానమ్మా,” అన్నాడు గుమాస్తా.

బకెట్టుతో నీళ్లు పట్టుకొచ్చాడు. పేము చుట్టలో పైన రెండు బద్దలు అప్పటికే విరిగాయి. మిగతావి ముంచి, తేలకుండా ఇటుక పెట్టాడు.

ముందు అల్లిన నలుగురికీ ఇంకా కబురు వెళ్లలేదు. ముప్పై ఆరు కుర్చీలు అల్లాల్సి ఉంది. బకెట్లో పేము నానుతోంది.