కారు సీటులో తొంభై నిమిషాలు

థండర్ బే ఊళ్ళో నన్ను తిట్టని ఇల్లు లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ డ్రైవింగ్ పరీక్ష పెట్టేది నేనే. స్టాప్ బోర్డు దగ్గర బండి పూర్తిగా ఆపకపోతే, మంచులో జారిందని ఎంత మొత్తుకున్నా సరే, ఫెయిల్. చర్చి పాస్టర్‌ని ఫెయిల్ చేశాను. మా అత్తగారిని ఫెయిల్ చేశాను. ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లు ఆవిడ నా పళ్ళెంలో టర్కీ కోడి ముక్క వెయ్యలేదు.

ఆ రోజు నా కూతురికి పరీక్ష.

హెల్మి పన్నెండు వారాల ముందే, కిలో బరువుతో ఊడిపడింది. ఏం కొంప మునిగిందో తనకే తెలియాలి. అరవై మూడు రోజులు ఆసుపత్రిలోనే పెరిగింది. నెలలు నిండని పిల్లల్ని ఇంటికి పంపే ముందు అక్కడ ఒక తతంగం ఉంది. బిడ్డను కారు సీటులో కట్టి, ఒంటికి వైర్లు తగిలించి, తొంభై నిమిషాలు కూర్చోబెడతారు. తల ముందుకు వాలి ఊపిరి ఆగిపోతే మీటరు కూస్తుంది. కూసిందా, ఫెయిల్. ఇంటికి పంపరు.

ఈ పరీక్ష పెట్టే నర్సు లూర్దెస్. నేను రెండుసార్లు ఫెయిల్ చేసిన మనిషి. దేవుడికి కూడా నాతో వేళాకోళమే.

"ఏం ఇన్‌స్పెక్టర్ గారూ, అమ్మాయి అద్దాలు చూసుకుందా?" అంది బెల్టు బిగిస్తూ.

"శుభ్రంగా చూసుకుంది. నీలా కాదు."

"సరే లెండి, గంటన్నరలో తేలిపోతుందిగా మీ వంశం గొప్ప."

నా భార్య కోలెట్ పొద్దుటి నుంచీ కోటు తొడుక్కుని సిద్ధంగా ఉంది. అరవై మూడు రోజులుగా రోజూ ఖాళీ చేతులతో ఇంటికి వస్తోంది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తుంది, నాకు వినపడదనుకుంటుంది. నేనేమో జోకులు వేస్తాను. ఎవరైనా "ఎలా ఉన్నావు ఒస్మో?" అంటే "పాప కంటే లావుగా" అంటాను. ఆపితే ఏమవుతుందో తెలియదు, అందుకే ఆపలేదు.

ఆ వార్డులో తండ్రులందరికీ ఒక పాడు అలవాటు పట్టుకుంటుంది. ఈ పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీయడం మరిచిపోతారు. అరికాలు కాస్త గోకితే మళ్ళీ గుర్తొస్తుంది. మొదటి వారమే నర్సులు నేర్పుతారు. ఆ తర్వాత మా చేతులు ఊరుకోవు. పక్క తొట్టిలో బిడ్డ తండ్రి బ్రెంట్, లారీ డ్రైవరు, ఇంట్లో నిద్రపోతున్న వాళ్ళావిడ కాలు గోకి తన్ను తిన్నాడు.

ఎనభై నిమిషాలు నల్లేరు మీద బండిలా సాగాయి. కోలెట్ నాకు వీపు పెట్టి పాప బట్టలు సంచిలో సర్దుతోంది. ఇంతలో గది అవతల ఇంకో బిడ్డ మీటరు మోగితే లూర్దెస్ అటు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే హెల్మి గడ్డం ఛాతీకి ఆనింది. పొట్ట కదలడం ఆగింది. ఊపిరి ఇరవై సెకన్లు ఆగితే గానీ మీటరు కూయదు. నేను లెక్కపెడుతున్నాను. పెదవుల చుట్టూ నీలం. పన్నెండు అనుకునేసరికి నా వేలు దానంతటదే వెళ్ళి అరికాలు గోకేసింది. పాప ఉలిక్కిపడింది, ఊపిరి తీసింది, రంగు తేరుకుంది. మీటరు కిక్కురుమనలేదు. ఎవరూ చూడలేదు.

లూర్దెస్ తిరిగొచ్చి, మిగిలిన నిమిషాలు పూర్తయ్యాక చప్పట్లు కొట్టింది. "పాసైపోయింది మా తల్లి! అదీ మొదటిసారికే! అందరినీ మీలా ఏడిపించం మేం."

కోలెట్ నన్ను వాటేసుకుంది. "ఇంటికి, ఒస్మో! ఇంటికి పోదాం!"

నోరు మూసుకుంటే చాలు, గంటలో పాప మా ఇంట్లో ఉంటుంది. దేవుడి సాక్షిగా, మూసుకుందామనే అనుకున్నాను. కానీ ఇంటికి నలభై నిమిషాల దారి. పాప వెనక సీట్లో, నేను ముందు. మీటరు ఉండదు. నా చెయ్యి అందదు.

"ఫెయిల్," అన్నాను.

"చాల్లే నీ దిక్కుమాలిన జోకులు," అంది కోలెట్.

"జోకు కాదు. ఊపిరి ఆపేసింది. నేను కాలు గోకాను. పరీక్ష పెట్టేవాడు స్టీరింగ్ పట్టుకున్నాడంటే ఆ పరీక్ష తప్పినట్టే. ఎవరికైనా అంతే."

లూర్దెస్ మొహంలో నవ్వు పోయింది. కాగితం మీద రాసింది కొట్టేసి, "రెండు రోజులాగి మళ్ళీ పెడదాం," అంది మెల్లగా.

కోలెట్ చేతి తొడుగు తీసి నా మొహాన కొట్టింది. తర్వాత రెండోది. "ఊరందరినీ ఏడిపించింది చాలక కన్నకూతుర్ని కూడానా! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నోరు మూసుకోలేకపోయావా?" అని అరిచి, తన నోరే తను నొక్కుకుంది. చెయ్యి తీసి అడిగింది. "ఎంతసేపు ఆగింది?"

"పన్నెండు దాకా లెక్కపెట్టాను."

ఆమె పెదవులు ఒకటి నుంచి పన్నెండు దాకా కదిలాయి. తర్వాత పాప బెల్టు విప్పింది. నిద్ర చెడి పాప గుక్కపట్టింది. తెచ్చి నా చేతుల్లో పెట్టి, "ఫెయిల్ చేసింది నువ్వు, ఊరుకోబెట్టేదీ నువ్వే," అంది.

జోకు కోసం వెతికాను. ఒక్కటీ రాలేదు.

"నాకు భయంగా ఉంది, కోలెట్," అన్నాను. "మొదటి రోజు నుంచీ చచ్చేంత భయంగా ఉంది."

"ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా, దరిద్రుడా!" అంది. "ఇన్నాళ్ళూ భయం నాకొక్కదానికే అనుకున్నాను."

అని వచ్చి నా భుజం మీద తల పెట్టింది. లూర్దెస్ తెర లాగేసి వెళ్ళిపోయింది. ముగ్గురం ఏడ్చాం. పాపే ముందు ఊరుకుంది.