గంటపూల నాట్లు

నాందేడ్ ఎండలకు గంటపూలు బతకవన్నారు మా రైల్వే కాలనీ వాళ్లందరూ. ఎందుకు బతకవు? ఊటీ నుంచి రెండు పిలకలు తెచ్చి, మా క్వార్టర్ గడప ముందు, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట, షాబాద్ బండల సందుల్లో కంకర కలిపిన మట్టి పోసి పెట్టాను. రెండు ఎండాకాలాలు తట్టుకున్నాయి. జానెడైనా పైకి లేవకుండా చాప పరిచినట్టు పాకాయి. మాఘంలో చిన్న గంటల్లాంటి నీలం పూలు విచ్చుకుంటే అందరి నోళ్లూ మూతపడ్డాయి.

దీపావళి వెళ్లాక మా అత్తమ్మ అనుసూయాబాయి మా దగ్గర ఉండిపోవడానికి ఇస్లాపూర్ నుంచి వచ్చింది. మా ఆయన నాగనాథ్ రైలు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. మాట్లాడే మనిషి దొరికిందని నాకు ఎంత సంబరమో చెప్పలేను. మరునాడు లేచి చూద్దును కదా, గడప ముందు ఒక్క మొక్క లేదు. తెల్లారేసరికే ఆమె కొడవలితో అంతా గీకేసి, పేడనీళ్లతో సాన్పు చల్లి, చుక్కల ముగ్గు పెట్టింది. గడ్డి అనుకుందట. ఆఫీసుకు పోయే కోడలికి తీరిక లేదు, నలుగురూ చూస్తే మాటొస్తుందని చేసిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. అడగకుండా చెయ్యి పెట్టడమేంటని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె ఊళ్లో ఉన్న పెద్దకొడుకు మారోతికి ఫోన్ చేసి, రేపొచ్చి తీసుకుపొమ్మంది. చాయ్ కూడా ముట్టలేదు.

అప్పుడు నాకు భయమేసింది. పూలు పోతే మళ్లీ తెచ్చుకుంటాను. ఈ మనిషి వెళ్లిపోతే మళ్లీ వస్తుందా? బతిమాలడం నాకు చేతకాదు. గోడ పక్కన పడేసిన కుప్ప వెతికితే సగం పిలకలకు వేళ్లున్నాయి. తట్టలో వేసి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

“అత్తమ్మా, నేను గట్ల అనొద్దుండె. తప్పు నాదే. ఇవి మీరే నాటాలె.”

“నా చెయ్యి వద్దు బిడ్డా. సచ్చిపోతయ్.”

“సావయ్. నేను చెప్తున్న గద.”

ఆమె ఒక పిలక అందుకుని, నలిగిన ఆకులు గిల్లి, సందులో గుచ్చి, బొటనవేలితో మట్టి అదిమింది. ఏళ్ల తరబడి వరినారు పెట్టిన చెయ్యి. నేను ఒకటి పెట్టేలోపు నాలుగు పెట్టేసింది. పూత ఎప్పుడొస్తుందని అడిగింది. మాఘంలో అన్నాను.

మధ్యాహ్నం మారోతి ఫోన్ చేశాడు, రేపు ఏ బండికి రమ్మంటావని. ఆమె చేతులకింకా మట్టి ఉంది. ఫోన్ నన్ను పట్టుకోమంది.

“ఇప్పుడు రాను రా. ఈడ నాట్లేసిన. పూత సూడకుంట ఎట్లొస్త?”