అలుగులో పడుకున్న శిలాఫలకం

నేను ఒక శిలాఫలకాన్ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి ఒక బండను. కొండ నుంచి నన్ను విడదీసినవాళ్ళు మనిషి పడుకునేంత పొడవు కోసి, ఒక ముఖం నున్నగా చేసి, రెండో ముఖాన్ని దాని మానాన వదిలేశారు. అక్షరాలు చెక్కినవాడు నాయకుడి పేరు అరచేతంత పెట్టాడు. ఆయన వెంట వచ్చేవాళ్ళ పేర్లు వేళ్ళంత వచ్చాయి. ఇక చోటు చాలక 'సామూహిక వాననీటి కుంట' అన్న మాటల్ని అడుగున చీమలబారులా పట్టించాడు. నేను దేనికోసం పుట్టానో తెలుసుకోవాలంటే నేల మీద కూర్చుని చదవాలి. ఎవరూ కూర్చోలేదు.

నన్ను నిలబెట్టింది బండమీదపల్లెలో. రాయలసీమలో బస్సు వెళ్ళే చివరి ఊరు దాటి, ఆ తర్వాత దారి కూడా దాటిపోతే ఆ పల్లె వస్తుంది. అక్కడ వాన పడదని కాదు. పడుతుంది. గుట్టల మీద కురిసి, ఊరి పక్కనుంచి వాగులో దిగి, తెల్లారేసరికి వేరే ఊరి సొత్తవుతుంది. వేసవి వచ్చిందంటే సగం ఊరు ఇళ్ళకు తాళాలు వేసి బెంగళూరుకు కూలికి పోతుంది. మిగిలినవాళ్ళు బిందెలతో అవతలి పల్లె బోరు దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలు పడి నీళ్ళు తెచ్చుకుంటారు. గుట్టల మధ్య కట్ట వేయించండి, మా వానను మేమే ఆపుకుంటాం అని ఊరు అడిగింది. జవాబుగా నేను వచ్చాను.

నాయకుడి కారు గుట్టల చివరి పల్లం దాకానే రాగలిగింది. కాబట్టి నన్ను అక్కడే పాతారు. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు, పులిహోర పొట్లాలు పంచారు. కారు వెళ్ళిపోయింది. ఆపైన కుంట ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం పని జరుగుతున్నట్టే నిలబడి ఉన్నాను.

నా దగ్గరికి రోజూ వచ్చింది ఓబులక్క మేకలే. ఓబులక్క ఒంటి మనిషి. ఆ మందే ఆమెకు తిండి, తోడు. మేకలు నాయకుడి పేరుకు ఒళ్ళు రాసుకుని దురద తీర్చుకునేవి. ఒకరోజు చూలు మేక తప్పిపోయి, చివరకు నా నీడలో ఈని, పిల్లను నాకుతూ దొరికింది. ఓబులక్క ఏడ్చేసింది. నడుముకున్న సంచిలోంచి పసుపు తీసి నాకు పూసి, దణ్ణం పెట్టింది. ఎండలో నిలబడ్డ ఏ రాయికైనా నీడ ఉంటుందని చెప్పే నోరు నాకు లేదు.

నేను ఎవరినో ఊళ్ళో అందరికీ తెలుసు. పులిహోర తిన్నది వాళ్ళే కదా. అయినా పసుపు పూసిన రాయి కనబడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. నాలుగు శుక్రవారాలు తిరిగేసరికి నేను గంగమ్మనయ్యాను. నాగలింగం అనే ఆయన నాకు పూజారినని తనకు తానే చెప్పుకున్నాడు. నాకో గద్దె కట్టించాడు. కొబ్బరి చిప్పలు ఎటు పోయేవో నేను పట్టించుకోలేదు. పేర్లన్నీ పసుపు కిందికి వెళ్ళిపోయాయి. అందుకు నాకేమీ బాధ లేదు.

ఒక ఏడు కరువు మరీ ముదిరింది. మేకల్ని సంతకు తోలి తానూ బెంగళూరు బస్సు ఎక్కుతానని ఓబులక్క నా ముందే కూర్చుని చెప్పింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే తిప్పేస్వామి బెంగళూరు నుంచి తిరిగొచ్చాడు. అక్కడ పెద్ద పెద్ద మేడలకు పునాదులు తవ్వినవాడు.

"పరాయోళ్ళ ఇండ్లకు గుంతలు తవ్వితిమి. మన నీళ్ళకు మనం తవ్వుకోలేమా?" అన్నాడు.

ఇంటికో మనిషి వచ్చారు. కుంట అడుగున తవ్విన మట్టి కట్ట మీదికి చేరింది. ఒక్కో వరుస మట్టి తడిపాక ఓబులక్క తన మందను దాని మీద అటూ ఇటూ తోలేది. మేక గిట్టలు తొక్కితే మట్టి గట్టిపడుతుంది. ఆ వేసవిలో మేకలు చేసినంత పని నా మీదున్న పేర్లవాళ్ళెవరూ చేయలేదు.

చిక్కు అలుగు దగ్గర వచ్చింది. కుంట నిండాక మిగిలిన నీళ్ళు కట్ట మీద పొర్లకుండా పక్కనుంచి పోయే దారి అలుగు. అది పల్లంలో ఉండాలి. నీళ్ళు కూడా నాయకుడి కారులాగే పల్లం చూసుకుని వెళతాయి. ఆ పల్లంలో నేనున్నాను. అమ్మవారిని కదిలించడమెందుకని నా గద్దె దాకా మట్టి పోసేసి, అలుగును రెండో చివర పెట్టారు. అక్కడంతా రాతినేల. గడ్డపారలు వంగాయి గానీ దారి మోకాలి లోతు కూడా దిగలేదు.

"చాల్లేప్పా, మన ఊళ్ళో అంత వాన యాడ పడతాది?" అన్నారు.

వాన ఆ మాట విన్నట్టుంది. ఉత్తర కార్తెలో రెండు రోజులు తెరిపి లేకుండా పడింది. రెండో పొద్దు మధ్యాహ్నానికి నీళ్ళు కట్ట అంచుకు వచ్చాయి. ఊరంతా నా చుట్టూ చేరింది.

"కట్ట తెగిందంటే నీళ్ళు ఊరి మీదికే. గద్దె పగలగొట్టి దారియ్యల్ల," అన్నాడు తిప్పేస్వామి.

"అమ్మోరి మీద గడ్డపార ఏసేదెవురప్పా? కండ్లు పోతాయి," అన్నాడు నాగలింగం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గడ్డపార ఉన్న ప్రతివాడూ దాన్ని పక్కవాడికి అందించడం మొదలుపెట్టాడు.

ఓబులక్క గుంపును తోసుకుని వచ్చింది. "పసుపు పెట్టింది నేను. తీసేదీ నేనే. పోతే నా కండ్లే పోనీ," అంటూ కొంగుతో నన్ను తుడిచింది. వానకు నాయకుడి పేరు ముందు బయటపడింది. అంత భయంలోనూ ఎవరో ఫక్కున నవ్వారు.

"తల్లీ, ఇన్నేండ్లు నిన్ను ఎండలో నిలబెడితిమి," అంది ఓబులక్క. పక్కవాడి చేతిలోని గడ్డపార అందుకుంది. "నీళ్ళ తల్లివి, నీళ్ళలో పండుకో. కట్టను మాత్రం ఇడవద్దు."

మొదటి దెబ్బ ఆమే వేసింది. తర్వాత అందరూ వేశారు. గద్దె పోయి, మట్టి తెగి, నీళ్ళు దూకాయి. దూకిన నీళ్ళు ఊరుకోలేదు, అడుగు మట్టిని కోసుకుపోసాగాయి. "బండ అడ్డమెయ్యండి!" అని తిప్పేస్వామి అరిచాడు. పది భుజాలు కలిసి నన్ను ఎత్తి, అక్షరాలు కిందికి పెట్టి కోతలో పడుకోబెట్టాయి. నాకు భయమేసింది. దేవుణ్ణి కానని అప్పుడే అందరికీ తెలిసిపోతుందనుకున్నాను. నీళ్ళు నా గరుకు వీపు మీదుగా దాటాయి. కింద మట్టి కదలలేదు. సాయంత్రానికి వాన తగ్గింది. కట్ట నిలిచింది. నేను రాయినే, అయినా చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు.

కుంట నిండిందని తెలిసి నాయకుడు మళ్ళీ వచ్చాడు. అలుగు పారుతుంటే చెప్పులతో దాటకూడదన్నారు. ఆయన చెప్పులు విప్పి, పంచె ఎత్తుకుని, నా వీపు మీదే నిలబడ్డాడు.

"మన రాయి ఏదమ్మా?" అని అడిగాడు.

"యాడికీ పోలేదు సామీ, మీ కాళ్ళ కిందనే ఉండాది," అంది ఓబులక్క.

ఆయన దాన్ని ఏదో మంచి మాట కింద తీసుకుని తలూపాడు. ఆయన వెంట కొత్త రాయి కూడా వచ్చింది. ఈ కుంటను ఆయనే కట్టించాడని దాని మీద రాసి ఉంది. దాన్ని గట్టున నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోయారు.

సంతకు పోవలసిన మేకలు ఆ పొద్దు నా మీద నిలబడి కడుపునిండా నీళ్ళు తాగాయి. తర్వాత గట్టెక్కి కొత్త రాయికి ఒళ్ళు రాసుకున్నాయి. ఓబులక్క ఆ రాయిని కాసేపు చూసింది. ఆమె చెయ్యి నడుముకున్న సంచిలోకి పోయింది.

"అక్కా, ఆగు!" అన్నాడు తిప్పేస్వామి. అప్పటికే అతను కొత్త రాయిని జానలతో కొలుస్తున్నాడు. "దీనికి పసుపు పెట్టొద్దు. కట్ట కింద నీళ్ళిడిచే తూముకింకా మూతబండ లేదు."

ఓబులక్క సంచి మూతి బిగించింది.