తడి గోడ పట్టుకున్న మాట

పొద్దున్నే లేవగానే గుండీలక్క చేసే మొదటి పని, గుమ్మానికి వేలాడే "ఇల్లు అమ్మబడును" బోర్డు తుడవడం. ఆ వీధిలో తలుపుల కంటే అలాంటి బోర్డులే ఎక్కువ. వీధికుక్క మెడలో కూడా ఒకటి కట్టారని చెప్పుకుంటారు, అదీ అమ్ముడుపోలేదట.

ఒకప్పుడది గుండీల ఫ్యాక్టరీ ఊరు. లోకంలో సగంమంది పరువు ఆ ఊరి గుండీల వల్లే నిలబడింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, అందులో ముప్పావు జీవితం గడిపిన గుండీలక్కకి ఈ పేరూ, ఈ ఇల్లూ మిగిలాయి.

ఆ ఊరి గోడల సంగతి అందరికీ తెలిసిందే. రంగు తడిగా ఉండగా ఏ మాటంటే ఆ మాట పట్టుకుంటాయి. ఆరాక అరచెయ్యి ఆనిస్తే వినిపిస్తాయి. అందుకే రంగులేసేవాళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకుంటారు. కొనేవాళ్ళు పునాది చూడరు, కప్పు చూడరు, ముందు గోడ వింటారు. గుండీలక్క ముందుగది గోడలో ఊరి చరిత్రంతా పొరలుగా ఉంది. అడుగున "పని దొరికిందోయ్!", దాని మీద "రాత్రి షిఫ్టు కూడా పెట్టారట", ఆ పైన "ఈ నెల జీతాల్లేవట". అన్నిటికంటే పైన, పోయేముందు ఆమె మొగుడు వేసిన పొర. అందులో దగ్గు తప్ప మాటే లేదు.

"దగ్గు విని ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు బ్రోకరు. "కొత్త పొర వెయ్యి. వేస్తూ 'కలిసొచ్చిన ఇల్లు' అను. ఆపైన నోరు కుట్టేసుకో."

"కుట్టి గుండీ కూడా పెట్టమంటావా?"

"పెట్టుకో. నీ దగ్గర బోలెడు."

ఇల్లు అమ్ముడైతే పెద్ద ఊళ్ళో ఓ గది తీసుకోవాలి, ఆసుపత్రి మంచం మీదున్న చెల్లెల్ని అక్కడికి తెచ్చుకోవాలి. గుండీలక్కకి మిగిలిన ఆశల్లా అదే. రంగేసింది. "కలిసొచ్చిన ఇల్లు" అంది, సిగ్గుపడుతూనే. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అక్కా, ఎప్పుడొస్తావే?" చెల్లెలి గొంతు దారప్పోగంత సన్నగా ఉంది.

"వచ్చే వారం వచ్చేస్తానే, ఏడవకు."

అనేసి నోరు మూసుకుంది. అప్పటికే గోడ మింగేసింది.

మర్నాడు ఇల్లు చూడ్డానికి ఓ జంట వచ్చింది. భార్యాభర్తలిద్దరూ గోడకి చెయ్యి ఆనించి, మొదటి మాటకి ముచ్చటపడ్డారు. రెండో మాటకి ఆవిడ మొహం మాడిపోయింది.

"వచ్చే వారం ఎవరండీ వచ్చేది?"

"వాటాదారై ఉంటాడు," అన్నాడు భర్త. "మనం కోర్టు మెట్ల మీద ముసలైపోతాం."

"అయ్యో, మా చెల్లెలితో అన్నానండీ!" అంది గుండీలక్క.

"చూశావా, చెల్లెలికీ వాటా ఉందట!"

వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు వాళ్ళు.

గుండీలక్క ఆ గోడకి ఏనుగుల మంద స్నానం చేసేంత రంగు పూసింది. దగ్గుని మింగిన రంగు ఈ మాటని మింగలేకపోయింది. వచ్చినవాళ్ళంతా వాటాదారుకి భయపడి వెళ్ళిపోయారు. వానలు రాకముందే చెల్లెలు పోయింది. ఫోను మోగడం మానేసింది. బ్రోకరే ఊరొదిలిపోయాడు, తన ఇంటికీ బోర్డు కట్టి.

ఇప్పుడు గుండీలక్క బోర్డు తుడవడం లేదు. సాయంత్రాలు ముందుగదిలో ఆ గోడకి అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది.

"వచ్చే వారం వచ్చేస్తానే, ఏడవకు," అంటుంది గోడ.

"సరేనే," అని కళ్ళు తుడుచుకుంటుంది గుండీలక్క.