చివరగా బిగించిన బ్యాటరీ

వానాకాలమంతా అత్తగారి గోల్ఫ్ బండి, బ్యాటరీలతో నడిచేది, షెడ్డులోనే ఉండాలి. మోకాళ్లు పనిచేయని ఆవిడకు వీధి మొహం చూపించేది ఆ బండే. దాన్ని కనిపెట్టుకుని ఉండే నా భర్త ఈ వేసవిలో పోయారు. దాని ఆరు బ్యాటరీలూ పాతబడ్డాయి. చూడకుండా దాచేస్తే వానలు వెలిసేసరికి బండి కదలదు.

నేనూ మరిదీ ఆరింటినీ నిండా చార్జ్ చేసి, మర్నాడు మీటరు పెట్టాం. అన్నీ బాగానే చూపించాయి.

"ఇక చాల్లే వదినా. ఇదేమన్నా పదో తరగతి పరీక్షా?" అన్నాడు మరిది.

"ఊరికే కూర్చున్నప్పుడు అందరూ బలవంతులేనయ్యా. పని చెప్పి చూడాలి. ఆ పాత కారు లైటు తగిలించు."

ఒక్కోదానికీ తగిలించి కాసేపు వెలగనిచ్చాం. ఐదు నిలబడ్డాయి. ఆరోదానికి మీటరు ముల్లు జారిపోయింది. ఆయన మంచం పట్టే ముందు, ఎక్కడో పాతది సంపాదించి బిగించిన బ్యాటరీ అది.

"దీన్ని ఉండనీ వదినా. అన్నయ్య చేత్తో పెట్టింది."

"ఉంచితే మిగతావాటినీ ముంచుతుంది," అన్నాను, దాని మీంచి చూపు తిప్పకుండా.

గుమ్మంలో కుర్చీ వేసుకున్న అత్తగారు విసుక్కున్నారు. "వాడే ఉంటే ఈపాటికి పీకి అవతల పడేసేవాడు. నువ్వేంటే, పెళ్లిచూపుల్లోలా దాన్నట్టా చూస్తావు?"

స్పానరు అందుకున్నాను. ఆయన బిగింపు గట్టిది, నట్టు ఒక పట్టాన కదల్లేదు. మరిది చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని ఊడేదాకా తిప్పాను.

తర్వాత మిగిలిన ఐదింటి తీగలూ విప్పి, పొడి చెక్కల మీద వరసగా పెట్టాం.