వెనక బల్ల మీది రంగుబొమ్మలు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో బడిపరీక్షల పద్ధతి మార్చాలని పెట్టిన సభలో మార్లీన్ హోలిస్ టీచరు అయిదు నిమిషాలు మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంది. మూడో తరగతి పిల్ల ఒక్కపూట రాసిన పరీక్షను బట్టి పై తరగతికి పోవాలా, అక్కడే ఆగిపోవాలా అని తేల్చడం ఏం న్యాయమని అడిగింది. అడగవలసిన మాటే. ఏ మొహం పెట్టుకుని అడిగిందన్నదే పేచీ.

కిందటేడు ఫిబ్రవరిలో వాళ్ళ బడిలో పిల్లల్ని మూడు రంగులుగా విడగొట్టారు. ఆకుపచ్చ వాళ్ళు ఎలాగూ గట్టెక్కుతారు. పసుపు వాళ్ళు కాస్త తోస్తే గట్టెక్కుతారు. ఎరుపు వాళ్ళ మీద పెట్టిన టైమంతా దండగ. మార్లీన్ తొమ్మండుగురు పసుపు పిల్లలతో గొంతు చించుకుంది. నలుగురు ఎరుపు పిల్లలకీ రంగులద్దే బొమ్మల కాయితాలూ క్రేయాన్లూ ఇచ్చి వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అల్లరి చెయ్యకుంటే అదే పదివేలనుకుంది. బడికి మంచి గ్రేడు వచ్చింది, ఆవిడకు సన్మానం జరిగింది. ఆ నలుగురూ మళ్ళీ మూడో తరగతిలోనే కూర్చున్నారు.

చప్పట్లు ఆగాక ఓడెసా అనే ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల జలీసాను మార్లీన్ చూడగానే గుర్తుపట్టింది. వెనక బల్ల పిల్లే.

"పరీక్ష పోయింది గానీ, టీచరమ్మను ఒక్క మాట అనడానికి లేదండీ," అంది ఓడెసా. "మా పిల్లకి విడిగా పని ఇచ్చేది. చూడండి, ఈ పిల్ల ఒక్క కాయితం కూడా పారెయ్యనివ్వలేదు."

చర్చికి తీసుకెళ్ళే సంచీలోంచి కాయితాల కట్ట తీసింది. తాబేళ్ళు, పడవలు, గుమ్మడికాయలు. జనం మార్లీన్ వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వారు. నోరు మూసుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆ నవ్వుల్నే ఆవిడ తట్టుకోలేకపోయింది. లేచి వెళ్ళి ఓడెసా పక్కన నిలబడింది.

"అది పని కాదమ్మా," అంది మైకులో. "మీ పిల్ల ఎలాగూ పాసవదని వదిలేశాను. కదలకుండా కూర్చుంటుందని బొమ్మలిచ్చాను."

ఓడెసా కాయితాలు ఒక్కొక్కటే సర్దుకుని సంచీలో పెట్టుకోసాగింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే మార్లీన్‌కు కాస్త తేలికయ్యేది.

జలీసా మాత్రం ఒక తాబేలు బొమ్మను లాగి టీచరు చేతిలో పెట్టింది.

"ఎక్కడా రంగు గీత దాటి బయటికి పోలేదు టీచర్," అంది. "మీరు దిద్దనే లేదు."