ఎదురు కొట్టు టీ

శౌరయ్య టీ గుడ్డను రెండు చేతులా మెలిపెట్టి పిండుతున్నాడు. ఏళ్ల తరబడి వేడికి అలవాటుపడి అతని వేళ్లు చెక్కముక్కల్లా తయారయ్యాయి. గుడ్డలోంచి జారే ఆఖరి చుక్కల్లోనే టీకి రంగూ చిక్కదనమూ ఉంటాయని అతని లెక్క. పిండిన గుడ్డను దులిపి మేకుకు తగిలించి, పాలగిన్నె మీద మీగడను గరిటెతో పక్కకు నెట్టాడు. పొయ్యి వెలుగులో లోపలికి పోయిన దవడ, నెరిసిన మీసం, చెవి మీద దోపుకున్న బీడీ కనిపిస్తున్నాయి. తిరువూరు బస్టాండులో మొదటి బస్సు ఇంకా కదల్లేదు. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన లారీ డ్రైవర్లిద్దరు బల్ల మీద మునగదీసుకుని కూర్చున్నారు.

టీని ఎత్తు నుంచి తిరగబోసి, నురగ లేచాక ఒక గ్లాసు నింపాడు. దాన్ని పట్టుకుని రేకుల పందిరి దాటి వచ్చి, రోడ్డు అంచున మట్టిలో పోశాడు.

“అదేంటయ్యా, మేమిక్కడ చలికి బిగుసుకుపోతుంటే నేలకు పోస్తున్నావు?” అన్నాడొక డ్రైవరు.

“బోణీకి ముందు మొదటి గ్లాసు నేలకే. తర్వాతది నీదే.”

టీ కొట్లవాళ్లు చాలామంది చేసే పనే అది. శౌరయ్య తండ్రి కూడా చేసేవాడు. పెళ్లయిన కొత్తలో అది చూసి భార్య రిబ్కా, “మట్టికి పోసే బదులు నాకియ్యరాదా? నేనేమన్నా మట్టికన్నా తక్కువా?” అంది. ఆ రోజు నుంచి మొదటి గ్లాసు రిబ్కాది. కొట్టు వెనక గదిలోంచి జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి, గడప మీద కూర్చుని, ఊదుకుంటూ తాగేది. పాలవాడు నీళ్లు కలిపాడో లేదో, అల్లం ముదిరిందో లేతదో ఆమె మొహం చూస్తే తెలిసేది. ఊరంతా తాగే టీకి ఆ గడప దగ్గరే తూకం పడేది.

కిందటి వానాకాలంలో ఆమెకు షుగర్ అన్నారు. బిళ్లలు రాసిచ్చి, పంచదార మానెయ్యమన్నారు. “ఇక నాకొద్దులేవయ్యా” అంది. పంచదార లేకుండా కలిపిస్తానన్నాడు. “పాల వాసన కూడా పడట్లేదు” అంది. అక్కడిదాకా శౌరయ్యకు బాధే గాని కోపం లేదు. టీ మానేశానన్న మనిషి రోడ్డు దాటి, ఎదురు కొట్టులో తమ్ముడి దగ్గర టీ తాగుతోందని తెలిసిన రోజునే కోపం పుట్టింది. మొదటి గ్లాసు మళ్లీ మట్టిపాలైంది.

ఎదురు కొట్టు అంతోనయ్యది. రిబ్కాకు సొంత తమ్ముడు. పత్తి వేసి పురుగు తినేసి, మళ్లీ వేసి మళ్లీ పోగొట్టుకుని, చేతులు ఊపుకుంటూ అక్కగారింటికి వచ్చాడు. పాలు పొంగకుండా చూసుకోవడం, గ్లాసు అడుగు తడిగా ఉండకుండా తుడవడం, బేరానికి వచ్చినవాణ్ణి మాటతో నిలబెట్టడం, అన్నీ శౌరయ్య పొయ్యి దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకున్నాడా? విజయవాడ ఏజెంటు ఒకడి మాట పట్టుకుని సరిగ్గా ఎదురుగా జపాన్ గ్రీన్ టీ కొట్టు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, తెల్లటి చిన్న కప్పులు. కొట్టు ముందు ఆకుపచ్చ బోర్డు: ఒళ్లు తగ్గును, గుండెకు మేలు, షుగర్ అదుపు, మొహానికి నిగారింపు.

శౌరయ్య ఆ బోర్డును రోజూ చదువుతాడు. అన్ని మాటల్లో రుచి అన్న మాట ఒక్కటి లేదని మొదటి రోజే కనిపెట్టాడు. అయినా కాలేజీ గ్రౌండులో నడక ముగించుకుని వచ్చేవాళ్లంతా అటే మళ్లుతుంటే, అతని కళ్లు మనుషుల్ని లెక్కపెట్టకుండా ఉండలేకపోయేవి. ఇటు తగ్గిన తల అటు లేచినట్టే కనిపించేది. వాడి లాభం తన నష్టంలోంచే పుడుతోందని తేల్చుకున్నాడు.

తెల్లవారాక జగన్నాథరావు వచ్చాడు. వినగడప వైపు మామిడి తోటలున్న ఆసామి. గ్రీన్ టీ అక్కడ తాగి, పేపరు చదవడానికి మాత్రం శౌరయ్య బల్ల మీదకొస్తాడు. అంతోనయ్య కొట్టులో ఉన్నది ఒక్క స్టూలే.

“జపానోళ్లు ఎందుకు నూరేళ్లు బతుకుతారో తెలుసా శౌరయ్యా?”

“మీరు చెబితే తెలుస్తుందండి.”

“ఈ ఆకే. ఒంట్లో చెడంతా కడిగేస్తుందంట. కొవ్వు చేరనివ్వదంట. మా డాక్టరు కూడా మంచిదే తాగమన్నాడు. నా పొట్ట చూడు, తగ్గలా?”

“లుంగీ బిగించి కట్టారనుకున్నానండి.”

డ్రైవర్లు నవ్వారు. జగన్నాథరావు కూడా నవ్వి పేపరు మడిచాడు. “నీకు కుళ్లయ్యా. మీ బావమరిది పైకొస్తుంటే చూడలేకపోతున్నావు.”

“నాకెందుకండీ కుళ్లు? మీరు తాగేది అక్కడ, కూర్చునేది ఇక్కడ. బల్ల అరిగేది నాది.”

మాటకు మాట అప్పజెప్పాడు గాని, కుళ్లు అన్న మాట పొద్దంతా పంటి కింద రాయిలా ఉండిపోయింది. గంపలగూడెం ఆటోలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి. అతని చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం రోడ్డుకు అటువైపే. పొద్దెక్కాక రిబ్కా చేతులు చీరకు తుడుచుకుంటూ అటు నడిచింది. తమ్ముడు స్టూలు జరిపి వేశాడు. ఆమె చిన్న కప్పును రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. వాడేదో అన్నాడు. ఆమె తల పక్కకు వాల్చి నవ్వింది. తన గడప మీద ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో శౌరయ్యకు గుర్తు రాలేదు. మళ్లీ చూశాడు. ఇద్దరూ ఇప్పుడు నవ్వడం లేదు, తలలు దగ్గరగా పెట్టి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అది చూడ్డం ఇంకా కష్టమైంది. ఆమె ఈమధ్య నిజంగానే తేలిగ్గా నడుస్తోంది. కాళ్ల తిమ్మిర్లు తగ్గాయంటోంది. ఆ తగ్గడం కూడా వాడి ఖాతాలోకే పోవాలా?

మధ్యాహ్నం విజయవాడ బస్సు దిగి కండక్టరు జోజప్ప వచ్చాడు. చుట్టూ చూసి, టికెట్ల సంచిలోంచి ఒక పొట్లం తీసి కౌంటరు కింద నుంచి అందించాడు.

“ఇదిగో శౌరన్నా, నీ సరుకు. షాపువాడు అడిగాడు, షుగరా బీపీయా అని.”

“ఏం చెప్పావు?”

“బావమరిది రోగం అని చెప్పా.”

“నోరు ముయ్యి. ఈ మాట బయటకు పోయిందో, నీకు ఈ కొట్టులో టీ ఉండదు.”

“పోనీలే, ఎదురు కొట్టులో తాగుతా” అని జోజప్ప నవ్వుకుంటూ వెళ్లాడు.

బేరం పలచబడ్డాక శౌరయ్య కొత్త గిన్నె తోమి పొయ్యి మీద పెట్టాడు. పొట్లం విప్పితే ముదురు ఆకుపచ్చ సూదుల్లా ఉంది ఆకు. పచ్చగడ్డి వాసన వేసింది. ఇంత ఖరీదైన సరుకులో సారమంతా దిగకపోతే నష్టమనుకున్నాడు. గుప్పెడు వేసి, నీళ్లు కుతకుతలాడేదాకా మరిగించాడు. పసుపు రంగు తిరిగి గోధుమ రంగయింది. ఇంకా మరిగించాడు. అల్లం దంచి వేశాడు. గుడ్డలో పోసి, చుక్క మిగలకుండా పిండాడు. ఇంత చిక్కగా అంతోనయ్య పెట్టి ఎరగడు. గ్లాసు అడుగు తుడిచి, పెళ్లయిన కొత్తలో మొదటి గ్లాసు తీసుకెళ్లినట్టే గడప దగ్గరకు తీసుకెళ్లాడు.

“ఏంటిది?” అంది రిబ్కా.

“తాగు. చక్కెర లేదు, పాలు లేవు. మీ తమ్ముడి దగ్గరున్నదే.”

ఆమె అతని మొహంలోకి చూసి గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. రెండో గుక్క తాగింది. ఆపకుండా మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది.

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

“నీ మొహం అలా లేదు.”

“వేపచెక్క కషాయంలా ఉందయ్యా. నువ్విచ్చావు గదా అని తాగా.” పమిటతో నోరు తుడుచుకుంది. “దీన్ని మరిగించకూడదంట. నీళ్లు దించి, కాస్త ఆవిరి తగ్గాక ఆకు వేసి, మూత పెట్టి ఊరుకోవాలి. మా తమ్ముడు అలాగే చేస్తాడు.”

చివరి మాట లేకపోతే అతను నవ్వేవాడే. “అయితే వాడి దగ్గరకే పో. వాడు పోస్తే అమృతం, నేను పోస్తే కషాయం. ఇన్నేళ్లూ నా చేతి టీ తాగి ఏం బావుకున్నావు, షుగర్ తప్ప.”

రిబ్కా గడప మీద వేలితో గీతలు గీస్తూ అంది: “ఇక రేపట్నుంచి ఎక్కడికి పోతాలే. వాడు సాయంత్రం బస్సుకి ఖమ్మం వెళ్లిపోతున్నాడు.”

“ఎందుకు?”

“కొట్టు ఎత్తేశాడు. అక్కడ సెల్ ఫోన్లవాళ్లు దిగుతున్నారు. ఖమ్మంలో ఎవరిదో ఆసుపత్రి క్యాంటీనంట, అందులో కుదిరాడు.”

“అంత జనం పెట్టుకుని ఎత్తెయ్యడమేంటి?”

“జనమేగా. మొదట్లో అలవాటవ్వాలని ఊరికే పొయ్యమన్నాడు ఆ ఏజెంటు. అలవాటు పడ్డవాళ్లు ఊరికే తాగడానికే అలవాటు పడ్డారు. రావుగారితో సహా. నీకు చెప్పొద్దన్నాడు. బావ నవ్వుతాడక్కా అన్నాడు.”

శౌరయ్య కౌంటరు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వ్యాపారంలో ఎన్నడూ చెయ్యని పొరపాటు చేశాడు: తలకాయల్ని చూసి గల్లాపెట్టె నిండిందనుకున్నాడు. ఎదురు కొట్టు మూతపడితే పండగ చేసుకోవాలని ఎన్ని రాత్రులు అనుకున్నాడో. తీరా ఆ రోజు వస్తే చేతికి ఏమీ తగల్లేదు. రిబ్కా ఇక అటు పోదు. అంతేగాని, ఇటు వస్తుందని ఎవరు చెప్పారు?

పొద్దు వాలుతుండగా అంతోనయ్య రేకు పెట్టెతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మడతలు నలిగి ఉన్నాయి. వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

“బావా, ఒక టీ.”

“మాది పాల టీ. కొవ్వు చేరుద్ది.”

“చేరనీ. ఖమ్మం పోయేదాకా ఆకలాపుద్ది.”

శౌరయ్య మీగడ వేసి, తిరగబోసి, గ్లాసు నింపి ఇచ్చాడు. అంతోనయ్య మొదటి గుక్కకే కళ్లు మూశాడు.

“పొద్దున్నే నీ అల్లం వాసన రోడ్డు దాటి వచ్చేది బావా. ప్రాణం ఇటే లాగేది. నా కొట్టులో నిలబడి నీ టీ ఎలా అడగను? ఆ ఆకు నాకెప్పుడూ గొంతు దిగలా. అక్క కోసం పెట్టేవాణ్ణి గాని.”

“నా కొట్టు చూసి ఏడ్చావన్న మాట.”

“ఏడవక? నువ్వు మాత్రం ఏడవలా?”

శౌరయ్య కౌంటరు తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“అక్కకి ఆకు వల్ల తగ్గిందో, పంచదార మానడం వల్ల తగ్గిందో నాకు తెలీదు” అన్నాడు అంతోనయ్య. “బోర్డు ఏజెంటు రాయించాడు, నేను కాదు. ఒకటే చూడు. ఇది తాగుతున్నా గదా అని బిళ్లలు మానేస్తుందేమో. మాననియ్యకు.”

“నా పెళ్లాం సంగతి నువ్వు నాకు చెప్పేదేంటి” అన్నాడు శౌరయ్య. గొంతులో అనుకున్నంత కారం పలకలేదు. “అక్కడ తిండీ అదీ ఎలా ఉంటుంది?”

“క్యాంటీనే గదా బావా. మిగిలిందంతా మనదే.”

బస్సు హారను కొట్టింది. రిబ్కా గదిలోంచి పచ్చడి సీసా గుడ్డలో చుట్టి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. బస్సు సత్తుపల్లి రోడ్డు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. వెనక్కి వస్తూ పమిటతో కళ్లు అద్దుకుంది. తను పోతే ఈ మనిషి ఇంతగా ఏడుస్తుందా అని శౌరయ్యకు అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

గిన్నె మళ్లీ కడిగాడు. నీళ్లు మరగగానే దించాడు. ఆవిరి తగ్గనిచ్చి, చిటికెడు ఆకు వేసి మూత పెట్టాడు. ఊరికే నిలబడటం అతనికి చేతకాని పని. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ ముట్టుకోలేదు, పిండలేదు. లేత రంగు నీళ్లు గ్లాసులో వంచి గడప దగ్గరకు తీసుకెళ్లాడు.

“బిళ్ల వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

రిబ్కా మెల్లగా తాగింది. “అచ్చం వాడిలాగే పెట్టావు” అంది.

ఆ మాటను లాభంలో రాసుకోవాలో నష్టంలో రాసుకోవాలో శౌరయ్యకు తేలలేదు. తల ఊపి, చీకటి పడకముందే గ్లాసులు కడిగేద్దామని బల్లల దగ్గరకు వెళ్లాడు. బేరానికి వచ్చినవాళ్లు తాగిన గ్లాసును ఎలా ఉన్నది అలా వదిలేసి లేచిపోతారు. ఈగలు వాలకుండా బోర్లించి పెట్టేది కొట్టులో పని చేసేవాళ్లే. ఒక్కొక్క గ్లాసే ఏరుకుంటూ చివరి బల్ల దాకా వచ్చి ఆగాడు. నిలబెట్టిన ఎంగిలి గ్లాసుల పక్కన, అంతోనయ్య కూర్చున్న బల్ల చివర, ఒక గ్లాసు బోర్లించి ఉంది.